పసిపిల్లల చదువు: ఏ పద్ధతి మేలు?

ప్రతి సంవత్సరమును జూన్ మాసము సమీపించుసరికి మన పలనాటి పట్టణములలో గోడలకు క్రొత్త రంగులు వచ్చును. మాచర్లలో గాని, గురజాలలో గాని, నరసరావుపేటలో గాని ఏ వీధిని నడచినను మూడేండ్ల బిడ్డను మా బడికి పంపుడని పిలుచు బోర్డులు కన్నులబడును. ఒకదానిపై మాంటిస్సోరి యని యుండును; ఒకదానిపై కిండర్‌గార్టెన్; వేఱొకదానిపై ప్లే స్కూలు; ఇంకొకదానిపై ఇంగ్లీషు మీడియము కాన్వెంటు. దుర్గి వంటి మండలకేంద్రములలోని తల్లిదండ్రులు సయితము నిద్రమబ్బు వదలని పసివాండ్రను వ్యానులలో నెక్కించి పట్టణములకు పంపుచున్నారు. పఠనమందిరములలో పత్రికలు చదువుకొను పెద్దల నోట ఈ ఋతువున వినవచ్చు ప్రశ్న ఒక్కటే: ఈ పద్ధతులలో ఏది మేలు?

ప్రశ్న సమంజసమైనదే. మూడవయేట బిడ్డకు దొరకిన గది, వానితో మాటలాడిన మనిషి, వాని చేతికి వచ్చిన వస్తువు, ఇవియే వాని బుద్ధికి పునాదులు. ఆఱేండ్లు నిండకమునుపే మెదడు పెరుగుదలలో నూటికి 85 పాళ్లకు మించి జరిగిపోవునని 2020 నాటి జాతీయ విద్యావిధానమే చెప్పుచున్నది. ఇంతటి వ్యవహారమును బోర్డు చదివి తేల్చుట తగునా? ధాన్యము కొనువాడు బస్తాపై ముద్రను చూచి ఊరకుండడు. గుప్పెడు తీసి నలిపి చూచును. బిడ్డ చదువునకు ఆపాటి పరీక్షయైనను ఉండవలదా? కావున ఈ పేరులు ఎక్కడ పుట్టినవో, ఎవరి కొఱకు పుట్టినవో, ఒకదానికొకటి ఎచ్చట విడిపోవునో మొదట విచారింతము.

జర్మనీ దేశమున ఫ్రోబెల్ అను ఉపాధ్యాయుడు 1837లో బ్లాంకెన్‌బర్గు అను చిన్న యూరిలో పసిపిల్లల కొక శాల తెఱచి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టెను. అనగా పిల్లల తోట. ఆట పసివానికి కాలక్షేపము కాదనియు, లోకమును తెలిసికొను మార్గమదియే యనియు ఆయన సిద్ధాంతము. ఉన్నిబంతులు, కొయ్యగోళములు, ఘనములు ఆయన బిడ్డలకిచ్చిన కానుకలు. పాట, ఆట, తోటపని ఆయన పాఠములు. ఈ పిల్లల తోటలను చూచి ప్రష్యా ప్రభుత్వము భయపడి 1851లో వానిని నిషేధించెను. ఆ నిషేధము 1860 వఱకు సాగెను. నేడు స్వేచ్ఛగా నాడుకొను బిడ్డ రేపు స్వేచ్ఛగా నాలోచించునేమో యని నిరంకుశులకు తోచుట సహజమే గదా!

ఇటలీ దేశమున మరియా మాంటిస్సోరి వైద్యురాలు. 1907 జనవరి 6వ తేదీన రోము నగరములోని సాన్ లోరెంజో అను కూలివారి పేటలో, తల్లిదండ్రులు పనికి పోగా దిక్కులేక తిరుగాడు బిడ్డల కొఱకు ఆమె తన మొదటి శిశుగృహమును తెఱచెను. బిడ్డ యెత్తునకు తగిన బల్లలు, నీరు వంచి నేర్చుకొను కూజాలు, పొడవు పొట్టి, లావు సన్నము తెలుపు కొయ్యపరికరములు, గరుకు కాగితముతో చేసిన అక్షరములు అందుండెను. పొరపాటును వస్తువే చూపును, బిడ్డయే దిద్దుకొనును, ఉపాధ్యాయిని దూరమున నిలిచి గమనించును. 1939లో దివ్యజ్ఞాన సమాజమువారి పిలుపుపై ఆమె మద్రాసులోని అడయారునకు వచ్చెను. మరుసటి యేట ఇటలీ యుద్ధమున దిగుటచే బ్రిటిషువారు ఆమెను శత్రుదేశీయురాలిగా నెంచి నిర్బంధములు విధించిరి. ఆ నిర్బంధమే మనకు లాభించినది. 1946 వఱకు ఆమె ఈ దేశముననే యుండి, అడయారులోను కొడైకెనాలులోను మన ఉపాధ్యాయులకు తన విద్యను నేర్పెను.

మఱియొక పద్ధతి వాల్డార్ఫ్. 1919లో స్టుట్‌గార్టు నగరమున ఒక సిగరెట్ల కర్మాగారపు కార్మికుల బిడ్డల కొఱకు రుడాల్ఫ్ స్టైనర్ నెలకొల్పిన బడి దీనికి మూలము. ఏడవయేటి వఱకు బిడ్డకు అక్షరము వలదు. కథయు, పాటయు, పెద్దల పనులను చూచి యనుకరించుటయు చాలునని ఈ పద్ధతివారి మతము. హైదరాబాదులో 1990ల చివర నుండి ఇట్టి బడులు నడచుచున్నవి.

ఇక మన దేశము. గుజరాతులోని భావనగరమున గిజూభాయి బధేకా మొదట న్యాయవాది. మాంటిస్సోరి గ్రంథములు చదివి, కోర్టును వదలి, 1920లో బాలమందిరమును తెఱచెను. ఆ పద్ధతికి మన కథలను, నాటకములను, పాటలను చేర్చి మీసములున్న తల్లియని పేరుపొందెను. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో నాటి బొంబాయి రాష్ట్రములోని బోర్డీ గ్రామమునకు చేరెను. అచటి వార్లీ గిరిజనుల బిడ్డలు బడికి రాకుండుట చూచి, బడినే వారి గుడిసెల ముంగిటికి కొనిపోయెను. ఖరీదైన పరికరములకు బదులు గవ్వలు, గింజలు, ఆకులు, మట్టి వాడెను. ఆ ముంగిటి బడికి పెట్టిన పేరే అంగన్‌వాడి. 1937లో వార్ధాలో ఏడేండ్లు దాటిన బాలుర కొఱకు నూతనవిద్యను ప్రతిపాదించిన గాంధీ మహాత్ముడు, 1945 నాటికి దానిని తల్లి గర్భము నుండియే మొదలిడవలెనని విస్తరించెను. శుభ్రత, తిండి, చేతిపని, ఇంటికిని బడికిని పొత్తు, ఇవి దాని మూలసూత్రములు.

ఇందొక వింత కలదు. మాంటిస్సోరి శాల కూలివారి పేటలో పుట్టినది. వాల్డార్ఫ్ బడి కర్మాగారపు నీడలో పుట్టినది. అంగన్‌వాడి వార్లీ గుడిసెల ముంగిట పుట్టినది. నేడు మొదటి రెండు పేరులును నగరములలో మిక్కిలి ఖరీదైన బడుల బోర్డుల నెక్కినవి; మూడవది మాత్రము బీదవారి గుఱుతుగా మిగిలి, కలిగినవారిచే చిన్నచూపు చూడబడుచున్నది. కూలివాని బిడ్డ కొఱకు పుట్టిన విద్య కూలివాని బిడ్డకే అందని సరుకయ్యెను. దుర్గి అంగన్‌వాడి గడపను దాటి మాచర్లకు మాంటిస్సోరిని వెదకుకొనుచు పోవు తండ్రికి, తాను దాటివచ్చిన గడపయు ఆ వంశములోనిదే యని చెప్పినవారు లేరు.

ఈ పద్ధతులన్నియు ఒక్కటే యని మా యభిప్రాయము కాదు. తేడాలు గట్టివే. అక్షరమెప్పుడన్నచో, వ్రేలు సిద్ధమైనప్పుడు నాలుగవయేటనే వచ్చునని మాంటిస్సోరి. ఏడవయేటి వఱకు ఆగుడని స్టైనర్. వ్రాతకు ముందు బొమ్మ గీయుట రావలెనని గాంధీ. కథ విషయమున, పసివానికి ముందు ఉన్న లోకమును చూపుడు, లేని లోకమును తరువాత చెప్పవచ్చునని మాంటిస్సోరి. కథ లేనిచో చదువే లేదని గిజూభాయి. పని విషయమున, చేయి కుదురుటకై నీరు వంచుమని మాంటిస్సోరి. గది మురికిగా నున్నది గనుక ఊడ్వుమని గాంధీ. ఒకటి అభ్యాసము, ఒకటి అవసరము. మా మట్టుకు మాకు చేతికి మాంటిస్సోరి, చెవికి గిజూభాయి, నడవడికి గాంధీ చాలుదురని తోచును. అక్షరమును ఏడవయేటి వఱకు ఆపుట మన బీదయిండ్లకు కుదురదు. ఇంట పుస్తకము లేని బిడ్డకు అక్షరము బడిలోనే ఎదురుపడవలెను గదా.

అదియు మనకు క్రొత్త కాదు. బియ్యములో వ్రేలితో ఓనమాలు దిద్దించుటయు, వీధిబడిలో ఇసుకపై వ్రాయించుటయు తరతరములుగా మన యాచారము. మాంటిస్సోరి గరుకు కాగితపు అక్షరము చేయు పనియు అదియే: కంటికంటె ముందు వ్రేలు అక్షరమును గుర్తుపట్టును. వామనగుంటలలో చింతపిక్కలు పంచు పిల్ల లెక్క నేర్చుచున్నది. గుజ్జనగూళ్లు వండు పిల్ల సంసారము నేర్చుచున్నది. కాని మన వీధిబడిలో ఇసుకతోపాటు బెత్తమును, గోడకుర్చీయు, కోదండమును ఉండెను. ఇసుక మంచిది, బెత్తము చెడ్డది. పూర్వాచారమన్నంతమాత్రమున రెండింటిని కౌగిలించుకొన బనిలేదు.

ఇన్ని విధముల విడిపోయిన ఈ పెద్దలందఱును ఒక్క విషయమున ఏకగ్రీవులు. మూడేండ్ల బిడ్డను వరుసలో కూర్చుండబెట్టి, చేతికి పెన్సిలిచ్చి, చూచివ్రాత వ్రాయించి, పరీక్ష పెట్టి, ర్యాంకు చెప్పుట ఎవరి పద్ధతియు కాదు. ఆ పనిచేయు బడి ఏ బోర్డు కట్టినను ఆ బోర్డు అసత్యమే. చట్టము తెలిసినవారికి ఇంకొక మాట చెప్పవలసియున్నది. మాంటిస్సోరి యను పేరునకు యజమాని లేడు. ఆ పేరు ఒక విద్యాపద్ధతికి సామాన్యనామమే గాని ఒకరి సొత్తు కాదని అమెరికాలోని వ్యాపారచిహ్నముల న్యాయపీఠము 1967లోనే తేల్చినది. ఎవరైనను కట్టుకొనదగిన బోర్డు దేనికిని సాక్ష్యము కాదు. గదిని విచారింపవలెను.

గదిని ఎట్లు విచారింపవలెను? ఒక గంటసేపు మూల కూర్చుండిన చాలును. ఆ గంటలో ఎక్కువ మాటలాడినది బిడ్డలా, పంతులమ్మయా? బిడ్డల చేతులలో వస్తువులు ఉన్నవా, లేక చేతులు కట్టుకొని యున్నారా? వెనుకబడిన బిడ్డ వంక పంతులమ్మ ఎట్లు చూచినది? ఏడ్చిన బిడ్డ ఏ భాషలో ఏడ్చెను, ఏ భాషలో ఓదార్పు పొందెను? త్రాగు నీరు, మరుగుదొడ్డి బిడ్డ యెత్తునకు అందునా? ఈ ప్రశ్నలకు వచ్చు సమాధానములే ఆ బడి యొక్క పద్ధతి. మిగిలినది రంగు.

ఇది మా యూహ మాత్రమే కాదు. అమెరికాలోని ఇప్సిలాంటి పట్టణమున 1967లో 68 మంది బీదబిడ్డలను మూడు తరగతులుగా పంచిరి. ఒక తరగతికి పంతులు చెప్పించి వల్లెవేయించు పాఠము. ఒక తరగతిలో బిడ్డలే పనిని తలపెట్టి చేయుదురు, పంతులు తోడ్పడును. ఒక తరగతిలో మామూలు ఆటపాటలు. మొదటి యేండ్లలో మూడింటను తెలివి పరీక్షల ఫలితములు ఇంచుమించు సమానముగనే యుండెను. కాని 23వ యేట చూడగా, వల్లెవేసిన తరగతివారు మిగిలినవారికంటె మనశ్శాంతి లేనివారుగను, చట్టముతో చిక్కులు పడినవారుగను ఎక్కువగా తేలిరి. బిడ్డల సంఖ్య కొద్ది. పరీక్ష జరిపినవారు రెండవ పద్ధతిని రూపొందించినవారే. కావున దీనినే వేదవాక్యముగా గొనరాదు. అయినను తల్లిదండ్రులు ఆగి ఆలోచించుటకు ఇది చాలును.

మన దేశమున 2011 నుండి అయిదేండ్లు అస్సాం, రాజస్థాన్, తెలంగాణములలో 14,000 మంది బిడ్డలను వెంబడించి చేసిన పరిశోధన 2017లో వెలువడినది. దానివలన తేలినదేమి? ప్రైవేటు శిశుబడులు ఒకటవ తరగతిని క్రిందికి దింపి వల్లె వేయించుచున్నవి. అంగన్‌వాడులలో పాఠమే కొఱవడుచున్నది. రెండింటినుండియు వచ్చిన బిడ్డలు అయిదవయేట బడికి తగినంత సిద్ధముగా లేరు. రుసుము చెల్లించినవాడును, చెల్లింపనివాడును సమానముగా మోసపోవుచున్నారన్నమాట.

ఇచట ఒక ఆక్షేపణ వచ్చును. “అయ్యా, మీరు చెప్పినదంతయు బాగుగనే యున్నది. ఉద్యోగములు ఇంగ్లీషు వచ్చినవానికి గదా! మిరపచేలలో కూలిచేసి రుసుము కట్టు తల్లి తెలివితక్కువదా?” కాదు. ఆమె లోకమును మనకంటె బాగుగ చూచినది. ఇంగ్లీషు వచ్చినవాడు కుర్చీలోను, రానివాడు గుమ్మములోను నిలుచుట ఆమె కన్నులార కన్నది. ఆమె కోరికను హేళన చేయు హక్కు, తమ బిడ్డలను ఇంగ్లీషులో చదివించుకొను మనబోటి వారికి బొత్తిగా లేదు. కాని కోరిక యుక్తమైనంతమాత్రమున మార్గము యుక్తము కాదు. మూడేండ్ల బిడ్డకు భాష మాటలాడుటవలన వచ్చును; మాటలాడు మనిషివలన వచ్చును. అర్థముకాని పాటను వల్లించినవానికి ఇంగ్లీషు రాదు, తెలుగు నిలువదు. ఇంటి భాషలో కథ చెప్పగలిగిన బిడ్డయే రెండవ భాషను తొందరగా పట్టును. 2020 నాటి విధానమును వీలైనంతవఱకు అయిదవ తరగతిదాక ఇంటి భాషలోనే బోధింపవలెనని చెప్పినది.

ఇంటి భాష యనగా అందఱికిని తెలుగే యనుకొనరాదు. మన ప్రాంతపు తండాలలో పసిబిడ్డ తల్లితో మాటలాడునది లంబాడీ భాష. వానికి తెలుగు రెండవ భాష, ఇంగ్లీషు మూడవది. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి కొండలలోని సవర బిడ్డల కొఱకు తామే సవర భాష నేర్చి, ఆ భాషలో పుస్తకములు వ్రాసి, బడులు పెట్టించిరి. వారి జన్మదినమగు ఆగస్టు 29ని తెలుగు భాషాదినముగా జరుపుకొను మనము, తండాలోని బిడ్డకు వాని భాషలో ఒక్క పాటయైనను వినిపింపకుండుట వారికి చేయు గౌరవమగునా?

ఇక ధర్మమునుండి చట్టమునకు వత్తము. 1950 నాటి రాజ్యాంగపు 45వ అధికరణము, పదేండ్లలోగా పదునాలుగేండ్లు నిండువఱకు బిడ్డలందఱకును ఉచిత నిర్బంధవిద్య గఱపుటకు ప్రభుత్వము పాటుపడవలెనని చెప్పినది. ఎన్నవయేటినుండి యని గీత గీయలేదు. 1993లో ఉన్నికృష్ణన్ వ్యాజ్యమున, అందు ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే, సుప్రీముకోర్టు పదునాలుగేండ్లవఱకు విద్య ప్రాథమికహక్కని తీర్పుచెప్పెను. కాని 2002లో 86వ సవరణ ఆ హక్కును ఆఱునుండి పదునాలుగేండ్లవారికి పరిమితము చేసి, ఆఱేండ్లలోపువారిని ప్రభుత్వ ప్రయత్నమునకు వదలివేసినది. 2009 నాటి విద్యాహక్కు చట్టపు 11వ విభాగమును మూడేండ్లు దాటిన బిడ్డలకు ప్రభుత్వము ఏర్పాట్లు చేయవచ్చును అన్నది, చేయవలెను అనలేదు. ఒక్క క్రియాపదపు తేడా. ఆ తేడాలోనే కోట్లకొలది బిడ్డల మూడేండ్ల బాల్యము జారిపోవుచున్నది. హక్కు లేనిచోట అంగడి వెలసినది. కొనగలవాడు కొనుచున్నాడు, కొనలేనివాడు అప్పుచేసి కొనుచున్నాడు.

అంగన్‌వాడులు 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకముగా మొదలై, నేడు మన రాష్ట్రమున 55,000కు పైగా నున్నవి. తిండి, తూకము, టీకాలు, గర్భిణుల లెక్కలు, సెల్‌ఫోనులో నమోదులు, ఇన్నియు ముగిసిన పిమ్మట మిగిలిన వేళలో పాఠము. ఈ భారమంతయు మోయు కార్యకర్తకు 2023లో 11,500 రూపాయల గౌరవవేతనము. ఆ డిసెంబరు 12 నుండి 42 దినములు రాష్ట్రమంతట వారు సమ్మెచేయగా, సమాధానముగా అత్యవసర సేవల చట్టము వచ్చెను. సమ్మె చేయునాడు అత్యవసరము, జీతమడుగునాడు గౌరవము! 2022 ఏప్రిలులో సుప్రీముకోర్టు వీరికి గ్రాట్యుటీ చెల్లవలెనని తీర్పుచెప్పుచు వీరి సేవ ఎంత విస్తృతమైనదో గుర్తించినది. పసిబిడ్డల గురువును గురువుగా చూడని దేశమున మాంటిస్సోరి వచ్చినను ఫ్రోబెల్ వచ్చినను ఏమి చేయగలరు?

కావున ఏ పద్ధతి మేలు అను ప్రశ్నకు మా సమాధానమిది. చేతికి పని, చెవికి కథ, నోటికి సొంతభాష, మనసుకు నిర్భయము ఇచ్చునది ఏదైనను మేలే. వీనిని ఇచ్చు బడి పట్టణమున దొరకినచో పంపుడు; తప్పులేదు. కాని ఊరిలోని ముంగిటి బడిని అట్టి దానినిగా చేసికొనుట మన చేతిలోని పని, అది వ్యాను రుసుముకంటె చౌక. దుర్గి శిల్పుల రాతిచెక్కడములకు భౌగోళిక గుర్తింపు కలదు. ఏటికొప్పాక లక్కబొమ్మలకును కలదు. నునుపు, గరుకు, బరువు, తేలిక బిడ్డ వ్రేళ్లకు తెలుపుటకు విదేశపు పెట్టెలు కావలెనా? మన శిల్పి చెక్కిన నాలుగు రాతిబిళ్లలు, మన వడ్రంగి చిత్రికపట్టిన పది కొయ్యముక్కలు, ఒక పళ్లెము ఇసుక చాలవా? ఊరి అవ్వలు వారమున కొకనాడు అంగన్‌వాడికి పోయి కథ చెప్పలేరా? గ్రంథాలయమువారు శనివారము సాయంకాలము పసివారికి చాప పఱవలేరా? న్యాయవాదులు గ్రామసభలలో ఈ విషయమును లేవదీయలేరా? కూలిపని వేళలకు తగినట్లు అంగన్‌వాడి వేళలను సర్దుమని, చట్టమునందలి ‘చేయవచ్చును’ను ‘చేయవలెను’గా మార్పుమని ఓటు అడుగవచ్చినవారిని నిలదీయలేమా?

బడుల ఋతువు రెండు వారములలో ముగియును. గోడలపై రంగులు వెలియును. మిరపకోతకు పోవు తల్లి కొంగుపట్టుకొని నిలిచిన మూడేండ్ల బిడ్డ మాత్రము అచటనే యుండును. వానికి రుసుము లేని, భయము లేని, సొంతమాట గల ఒక గదిని ఈ యూరు ఇయ్యవలెను. ఆ పని ఈ జూనుననే మొదలగుగాక.